బయోడేటాలు టైప్ చేసిన బల్ల దగ్గరే నా ఉద్యోగం దొరికింది

కర్నూలులో ఓ ప్రైవేటు కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసరుగా, అంటే చదువు ముగించే పిల్లలకు ఉద్యోగాలు చూపించే పనిలో ఉంటూ ఈ శీర్షికలో మీ ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. ఈసారి మూడు ఉత్తరాలు నా వృత్తి గురించే వచ్చాయి. మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు పడుతుంది.

ప్రశ్న: సర్, నేను బీకాం ఆఖరి సంవత్సరం. మా క్లాసులో ఒకరు బ్యాంకు అంటారు, ఒకరు గ్రూప్స్ అంటారు, ఒకరు బెంగళూరు పోతామంటారు. నాకు ఏదీ తేలడం లేదు. ‘నీ గోల్ ఏంటి’ అని ఎవరైనా అడిగితే టెన్షన్ వస్తుంది. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కావాలని మీరు ఏ వయసులో అనుకున్నారు? ఎలా అయ్యారు?
– ఓ విద్యార్థిని, ఆదోని

జవాబు: ఏ వయసులోనూ అనుకోలేదమ్మా. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని పాతికేళ్ళు వచ్చేదాకా నాకు తెలియనే తెలియదు.

మాది కోడుమూరు దగ్గర పల్లె. ఇంటర్ కాగానే నాన్నకు జబ్బు చేసి నా చదువు ఆగిపోయింది. కర్నూలు వచ్చి డీటీపీ నేర్చుకుని, 2003లో పాతబస్తీలో ఓ చిన్న గదిలో షాపు పెట్టాను. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్ళిళ్ళ కాలంలో శుభలేఖలు వేసేవాణ్ణి. మిగతా రోజుల్లో కరపత్రాలు, ప్రాజెక్టు రిపోర్టులు, బయోడేటాలు. బయోడేటా అయితే పేజీకి 15 రూపాయలు.

ఆ బయోడేటాలన్నీ ఒకే మాదిరిగా ఉండేవి. ఎవరిదో పాత కాపీ తెచ్చి “అన్నా, దీంట్లో పేరు మార్చు చాలు” అనేవాళ్ళు. హాబీలంటే పుస్తకాలు చదవడం, పాటలు వినడం. అనుభవం దగ్గర ‘లేదు’ అని ఉండేది.

2006 వేసవిలో నీలాగే బీకాం ఆఖరి ఏడు అమ్మాయి ఒకామె వచ్చింది. టైప్ చేస్తూ చేస్తూ “అనుభవం కాడ ఏం రాయమంటావమ్మా?” అన్నాను. “ఏం ల్యాదన్నా” అంది. ‘లేదు’ అని టైప్ చేసేశాను కూడా. ప్రింటర్ వేడెక్కేలోపు ఊరికే మాటల్లో పెట్టి, ఇంటి దగ్గర ఏం చేస్తావని అడిగాను.

“మాయమ్మ పొదుపు సంఘంలో లీడరు. ఆమెకు రాయను రాదు. తీర్మానాల పుస్తకం, అప్పుల లెక్క అన్నీ నేనే రాస్తా.”

“ఎప్పట్నించి?”

“తొమ్మిదో తరగతి నుంచి.”

“పది వేలకు నూటికి రెండు లెక్కన మూడు నెలలకు వడ్డీ...”

“ఆర్నూరు,” అంది, నా మాట పూర్తి కాకముందే.

టైప్ చేసిన ‘లేదు’ను చెరిపేశాను. పది మంది సభ్యులున్న పొదుపు సంఘానికి ఆరేళ్ళుగా లెక్కల పుస్తకాలు రాస్తున్నానని, నెలనెలా బ్యాంకు పనులు చూస్తున్నానని నాకొచ్చిన ఇంగ్లీషులో కొట్టాను. ఆమె స్క్రీన్ మీదికి వంగి ఆ రెండు లైన్లూ చదువుకుంది. “ఇది కూడా రాయొచ్చా అన్నా?” అని అడిగింది. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది. ఆరేళ్ళు చేసిన పని పని కాదని ఆ పిల్లకు ఎవరు చెప్పారో! ఎవరూ చెప్పి ఉండరు. అడిగినవాళ్ళే లేరు.

నెల తిరక్కుండానే ఒక హోల్‌సేల్ షాపులో అకౌంట్లు రాసే ఉద్యోగం వచ్చింది ఆమెకు. తర్వాత నలుగురు స్నేహితురాళ్ళను నా దగ్గరికి తోలుకొచ్చింది. అప్పటి నుంచి కంప్యూటర్ పక్కన ఒక స్టూలు వేసి, బయోడేటాకు వచ్చిన ప్రతివాళ్ళనూ పది నిమిషాలు కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను. శుభలేఖల కోసం వచ్చినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆ పది నిమిషాలకు వేరే డబ్బులు తీసుకోలేదు. నాకు అదే రోజంతటిలో ఇష్టమైన పని. కొన్నాళ్ళకు ఒక కామర్స్ లెక్చరర్ తన విద్యార్థుల బయోడేటాలు మారిపోవడం గమనించి, ఎక్కడ చేయించారో కనుక్కుని మరీ షాపుకొచ్చారు. “శనివారాలు మా కాలేజీకి వచ్చి మా పిల్లలతో మాట్లాడతావా?” అని అడిగారు.

షాపు అట్లే నడుస్తుంటే నేను జీవితాంతం డీటీపీలోనే ఉండిపోయేవాణ్ణేమో. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊళ్ళోకొచ్చాయి. మా వీధిలో మొదటి అంతస్తుదాకా నీళ్ళు. తీశాక చూస్తే షాపంతా మోకాలెత్తు బురద. కంప్యూటర్లు, ప్రింటర్, కాగితం రీములు, ఎవరివో అచ్చయిన శుభలేఖలు, అన్నీ ఒకే ముద్ద. నా నోటుబుక్కులు కూడా అందులోనే పోయాయి. ఒక్కొక్కరు చెప్పిందీ రాసుకున్న పుస్తకాలవి. వాటికి నేను ఎక్కువ ఏడ్చాను.

ఆ లెక్చరరే కాలేజీలో మాట్లాడి, ప్లేస్‌మెంట్ సెల్‌లో డేటా ఎంట్రీ పని ఇప్పించారు. నెలకు 6,000. డిగ్రీ లేనివాడు పిల్లలకు సలహాలు చెప్పడమేమిటని కొందరికి నచ్చలేదు. ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ, తర్వాత ఇగ్నోలో ఎంఏ సైకాలజీ రాత్రిళ్ళు చదివి పూర్తిచేశాను. ఇప్పుడు నా గది తలుపు మీదున్న హోదా ఆ తర్వాత వచ్చింది.

ఎంఏలో జాన్ హాలండ్ గురించి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మనుషుల ఆసక్తులను ఆరు రకాలుగా విడదీసి, ఏ రకానికి ఏ వృత్తి నప్పుతుందో చెప్పిన అమెరికన్ ఆయన. ఈరోజు ఇంటర్‌నెట్‌లో కనిపించే కెరీర్ టెస్టుల్లో చాలావాటికి మూలం ఆ సిద్ధాంతమే. ఆ ఆలోచనకు బీజం పడింది రెండో ప్రపంచ యుద్ధంలో, సైన్యంలో చేరినవాళ్ళను ఇంటర్వ్యూ చేసి, ఎవరు ఏ పనికి పనికొస్తారో రాసే ఉద్యోగంలో. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎదురుగా కూర్చోవడం, వాళ్ళు చెప్పింది ఈయన రాసుకోవడం. నా స్టూలు గుర్తొచ్చింది. 1908లో బోస్టన్‌లో వృత్తి సలహాల కేంద్రం తెరిచి ఈ రంగానికే ఆద్యుడైన ఫ్రాంక్ పార్సన్స్ చదివింది ఇంజినీరింగ్. చేరిన రైల్వే కంపెనీ దివాలా తీస్తే ఇనుప కర్మాగారంలో కూలి పని చేశాడు, బడిలో పాఠాలు చెప్పాడు, లాయరయ్యాడు. వృత్తిని ఎంచుకోవడం గురించి ఆయన రాసిన పుస్తకం అచ్చయ్యేసరికి ఆయన లేడు.

నీ సంగతికి వస్తాను. ‘గోల్ ఏంటి’ అన్న ప్రశ్నను కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఒక కాగితం తీసుకుని, ఈ మూడేళ్ళలో ఎవరెవరు ఏ పని కోసం నీ దగ్గరికి వచ్చారో రాయి. బ్యాంకు ఫారం నింపిపెట్టమని వచ్చారా? పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పమన్నారా? హాస్టల్లో గొడవైతే మాట్లాడమని నిన్నే ముందుకు తోశారా? డిగ్రీలో నువ్వు చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును కూడా అందులో చేర్చు. చాలామంది దాన్ని రిపోర్టు సమర్పించి మర్చిపోతారు. ఆ ఊళ్ళో ఇంటింటికీ తిరిగినప్పుడు నీకు విసుగు రాని పని ఏదో అది రాయి. ఈలోగా బ్యాంకు పరీక్షకు చదువుతానంటే చదువు, అందులో నష్టమేమీ లేదు. ఆ కాగితం మాత్రం నాకు పంపు.

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయి ఎంఏ సైకాలజీ చేసి కెరీర్ కౌన్సిలర్ అవుతానంటోంది. మాకు తెలిసిన ఉద్యోగం కాదు. దానికి ఉద్యోగాలుంటాయా?
– ఓ తండ్రి, డోన్

జవాబు: ఉంటాయండి. సీబీఎస్‌ఈ నిబంధనల్లో బడికో కౌన్సిలర్ ఉండాలని ఉంది. ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ విభాగాలున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఏడాది కోర్సు. ఆరు నెలలు దూరవిద్యగా, మూడు నెలలు ఎదురుగా తరగతులు, మిగతా మూడు నెలలు సొంత ఊళ్ళో ఇంటర్న్‌షిప్. మనకు దగ్గరి కేంద్రం మైసూరులో ఉంది. అర్హతలు ఏ ఏటికాయేడు ప్రకటనలో చూసుకోండి. మానసిక వ్యాధులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు దారి వేరు, దానికి వేరే చదువూ, రిజిస్ట్రేషనూ కావాలి. ఆ రెండూ కలిపేసుకోకండి.

జీతం గురించి దాచను. చిన్న ప్రైవేటు కాలేజీల్లో మొదట్లో తక్కువే ఇస్తారు. పని కూడా ఏసీ గదిలో కూర్చుని సలహాలివ్వడం కాదు. కంపెనీ హెచ్‌ఆర్‌లకు ఫోన్ల మీద ఫోన్లు చేయాలి. టెన్త్, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం కావాలని కంపెనీ అంటే, 59.4 ఉన్న పిల్లవాడికి ఆ మాట మనమే చెప్పాలి. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ కట్టమనే ఏజెంట్లను గేటు దగ్గరే ఆపాలి. డబ్బు కట్టించుకుని ఇచ్చేది ఉద్యోగం కాదని ఈ శీర్షికలో ఎన్నిసార్లయినా రాస్తాను. మీ అమ్మాయిని ఒక వారం మా సెల్‌లో కూర్చోబెట్టండి. డ్రైవ్ ఉన్న రోజు, అంటే కంపెనీవాళ్ళు ఎంపికలకు వచ్చే రోజు, ఉదయం ఏడింటికి వచ్చి సాయంత్రం లిస్టు చదివేదాకా ఉండమనండి. లిస్టులో పేరు లేనివాళ్ళ వైపు ఆమె నడుస్తుందో, పేరున్నవాళ్ళ వైపు నడుస్తుందో మీరే చూడండి.

ప్రశ్న: నేను కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఈ ఏడాది ప్లేస్‌మెంట్ బాధ్యత కూడా నాకే అప్పగించారు. కెమిస్ట్రీ తప్ప నాకేమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ అధ్యాపకురాలు, నంద్యాల

జవాబు: మొదటి క్లాసులో మీరు లెక్చరర్ ఎలా అయ్యారో చెప్పండి మేడమ్, తప్పిన పరీక్షలతో సహా. లెక్చరర్ అర్హత కోసం మీరు నెట్ పరీక్ష ఎన్నిసార్లు రాశారో వింటే, వెనక బెంచీలోని పిల్ల తన బ్యాక్‌లాగ్ సంగతి నోరు తెరిచి చెబుతుంది.

తర్వాత ఒక లాంగ్ నోటుబుక్ కొనండి. ఎడమ పేజీలో విద్యార్థి చెప్పింది చెప్పినట్టు రాయండి. కుడి పేజీ ఖాళీగా ఉంచండి. ఆరు నెలలకోసారి ఫోన్ చేసి, ఏమైందో అక్కడ రాసుకోండి. నేను వరద తర్వాత కొన్న పుస్తకాలు ఇప్పటికి పద్నాలుగయ్యాయి. వాటిని ఇప్పుడు మేడ మీది గదిలో పెడుతున్నాను.