సందేహాలు – సమాధానాలు: గ్రహణం పట్టినప్పుడు ఎవరేం నమ్మారు?

చెన్నైలోని మన పాఠకులు గ్రహణాల మీద పంపిన ప్రశ్నలకే ఈ సంచికలో చోటిచ్చాం.

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. గ్రహణం పూట కత్తి పట్టుకుంటే, ఏదైనా తరిగితే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని మా అత్తగారు గట్టిగా చెబుతున్నారు. ఏం చేయమంటారు? (పాఠకురాలు, పెరంబూరు)

ధైర్యంగా ఉండండమ్మా. మొర్రికీ గ్రహణానికీ పేరులో తప్ప సంబంధం లేదు. కడుపులో బిడ్డ పై పెదవి రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. ఇది గర్భం 4 నుంచి 7 వారాల మధ్య జరిగిపోతుంది. అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య కలుస్తుంది. ఆ అతుకు సరిగ్గా పడకపోతే మొర్రి వస్తుంది. మీ కోడలి విషయంలో ఆ పని మూడో నెలలోపే ముగిసింది. వంశంలో ఉండటం, పొగ తాగడం, ముందునుంచీ ఉన్న షుగరు, కొన్ని రకాల ఫిట్స్ మందులు దీనికి తెలిసిన కారణాల్లో ఉన్నాయి. ఫిట్స్ మందులు వాడేవాళ్లు బిడ్డను కనాలనుకున్నప్పుడే డాక్టరుకు చెప్పాలి, తమంతట తాము ఆపేయకూడదు. ఒకవేళ మొర్రి వచ్చినా పెదవికి మొదటి ఏడాదిలోపు, అంగిలికి ఏడాదిన్నరలోపు ఆపరేషన్ చేసి కలుపుతారు.

ఇదే నమ్మకం మెక్సికోలోనూ ఉంది. చంద్రుణ్ణి ఏదో కొరికిందనీ, కడుపులో బిడ్డ మూతిని కూడా అలాగే కొరుకుతుందనీ అక్కడి అజ్టెక్‌లు భయపడేవారు. గర్భిణి పొట్టమీద నల్లటి అగ్నిశిల కత్తి పెట్టుకునేది. ఇప్పుడు దాని బదులు బట్టలకు పిన్నీసు గుచ్చుకుంటారు. అంటే అక్కడ కత్తి రక్ష, ఇక్కడ కత్తే ప్రమాదం. ఒకరితో ఒకరికి పరిచయం లేని రెండు జనాలు చంద్రుడి అంచులో కనిపించిన కొరుకును బిడ్డ పెదవిలో చూసుకున్నారు.

అసలు జాగ్రత్త పడాల్సింది నీళ్ల విషయంలో. వేధ పేరుతో సూర్యగ్రహణానికి నాలుగు జాములు, చంద్రగ్రహణానికి మూడు జాములు ముందునుంచే భోజనం మానడం ఆచారం. అంటే 12 గంటలు, 9 గంటలు. చెన్నై ఉక్కలో గర్భిణిని అంతసేపు గుక్కెడు నీళ్లు లేకుండా ఉంచకండి. పిల్లలకు, ముసలివాళ్లకు, ఒంట్లో బాగాలేనివాళ్లకు ధర్మశాస్త్రాలే సడలింపు ఇచ్చాయి. అత్తగారికి ఆ మాట చెప్పి చూడండి.

ప్రశ్న: గ్రహణం ఉన్నంతసేపే పళ్లెంలో రోకలి నిలబడుతుందంటారు. నిజమేనా? (పాఠకుడు, మైలాపూర్)

ఏ మంగళవారం మధ్యాహ్నమైనా నిలబడుతుంది, చేసి చూడండి. రోకలి అడుగున ఇనప పొన్ను ఉంటుంది కాబట్టి కొస చదునుగా ఉంటుంది. పొన్ను వెడల్పు 6 సెంటీమీటర్లు, రోకలి పొడవు 130 అనుకుందాం. బరువు నడిమధ్యన ఉంటే పైకొస సుమారు 6 సెంటీమీటర్లు పక్కకు ఒరిగేదాకా అది పడిపోదు. పళ్లెంలోని పసుపునీళ్లు, ముద్ద అడుగున ఉన్న చిన్న సందులను పూడుస్తాయి. పొన్ను ఒకపక్క అరిగినా, పళ్లెం అడుగు ఉబ్బెత్తుగా ఉన్నా, ఫ్యాను తిరుగుతున్నా నిలబడదు. గ్రహణంనాడు మాత్రం నిలబడేదాకా ఓపిగ్గా ప్రయత్నిస్తాం. మామూలు రోజున ఎవరూ ప్రయత్నించరు. నమ్మకం బలపడింది అక్కడే.

ప్రశ్న: రాహువు మింగుతాడని నమ్మినవాళ్లే గ్రహణం వేళ ముందుగా ఎలా లెక్కగట్టారు? (విద్యార్థిని, అన్నానగర్)

చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. ఋగ్వేదం ఐదో మండలం 40వ సూక్తంలో స్వర్భానుడనే అసురుడు సూర్యుణ్ణి చీకటితో కప్పేస్తే అత్రి విడిపిస్తాడు. అమృతం తాగి తల తెగిన రాహువు కథ మహాభారతంలో వస్తుంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం మాత్రం సూర్యుణ్ణి చంద్రుడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతాయని తేల్చి చెప్పింది. 628లో బ్రహ్మగుప్తుడు రాహువు లేడనేవాళ్లు శ్రుతిస్మృతులకు విరుద్ధంగా మాట్లాడుతున్నారని తప్పుపట్టాడు. ఆయనే తన గ్రంథంలో గ్రహణాన్ని నీడతోనే లెక్కగట్టాడు. నాలుగు శతాబ్దాల తర్వాత మధ్య ఆసియా పండితుడు అల్‌బిరూనీ ఇది చూసి ఆశ్చర్యపోయాడు. మనం దీన్ని ద్వంద్వనీతి అని కొట్టిపారేయకూడదు. స్నానానికీ తర్పణానికీ ఆయనకు రాహువు కావాలి, ఘడియల లెక్కకు నీడ కావాలి.

రాహువు చివరికి లెక్కలోనే ఒక బిందువైపోయాడు. చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది, అందుకే ప్రతి అమావాస్యకూ గ్రహణం రాదు. ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి దాటే చోట్లే రాహుకేతువులు. అవి వెనక్కి నడుస్తూ 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. పంచాంగంలో రాహువు ఎప్పుడూ వక్రంలో ఉండేది అందుకే.

చెన్నైలో వాడుకలో ఉన్న వాక్య పంచాంగం చూడు. చంద్రుడి స్థానాలను 248 రోజులకు 248 చిన్న వాక్యాలుగా కంఠస్థం చేసేవారు. మొదటి వాక్యం ‘గీర్నః శ్రేయః’. అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది పద్ధతి ప్రకారం గ అంటే 3, న సున్నా, ర 2, య 1. జంటక్షరంలో చివరి హల్లునే లెక్కించాలి. కుడినుంచి ఎడమకు చదివితే 1203, అంటే 12 డిగ్రీల 3 నిమిషాలు. రెండోది ‘ధేనవః శ్రీః’. ధ 9, న సున్నా, వ 4, ర 2, కాబట్టి 24 డిగ్రీల 9 నిమిషాలు. 248 ఎందుకంటే, చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చి మళ్లీ దగ్గరయ్యేందుకు పట్టే 27.55 రోజులను తొమ్మిదితో హెచ్చిస్తే దాదాపు సరిగ్గా అంతే వస్తుంది.

దీని బలం, బలహీనత రెండూ నమోదయ్యాయి. 1825లో మద్రాసులో అచ్చయిన ‘కాలసంకలిత’లో జాన్ వారెన్ రాసిన సంగతి ఇది. పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్త నేలమీద గవ్వలు పరిచి, నోటికొచ్చిన పట్టికలతోనే ఆ ఏటి చంద్రగ్రహణాన్ని లెక్కగట్టాడు. పట్టు 4 నిమిషాలు, మధ్యకాలం 23, విడుపు 52 నిమిషాలు తేడా వచ్చాయి. ఈ వాక్యాల్లో చంద్రుడి వేగంలోని ప్రధానమైన హెచ్చుతగ్గు ఒక్కటే ఉంటుంది, చిన్న సవరణలు ఉండవు. ఆ లోటు తీర్చేందుకు మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి, ఆకాశంలో కనిపించే స్థానాలకు సరిపోయేలా లెక్కగట్టే దృగ్గణిత పంచాంగం వెలువరించారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఆయన వనపర్తి వెళ్లారు. అదే రోజు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ పరికరాలు ఎక్కుపెట్టారు. హీలియం వాయువును కనుగొన్న కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. వీలైతే నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఉన్న 1792 నాటి నక్షత్రశాల రాతిస్తంభం చూసి రా. దానిమీద తెలుగు అక్షరాలూ ఉన్నాయి.

ప్రశ్న: మిగతా దేశాలవాళ్లు ఏమనుకునేవారు? (పాఠకుడు, అంబత్తూరు)

తినడం అనే ఊహే ఎక్కువ. చైనా భాషలో సూర్యగ్రహణానికి ఇప్పటికీ ‘సూర్యుణ్ణి తినడం’ అనే మాటే వాడతారు. ఉత్తర ఐరోపా వాళ్లకు తోడేళ్లు, కొరియా వాళ్లకు నిప్పుకుక్కలు, వియత్నాంలో కప్ప.

బాబిలోనియా, అసీరియాలది వేరే దారి. చంద్రబింబాన్ని నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని ఒక్కో రాజ్యానికి కేటాయించారు. ఏ వైపు నల్లబడితే ఆ దేశపు రాజుకు గండం. బృహస్పతి గ్రహం కనిపిస్తుంటే భయం లేదు. గండం తమ రాజుకే అని తేలితే ఒక ఖైదీనో మరో సామాన్యుణ్నో 100 రోజుల వరకు రాజు బదులు సింహాసనం మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత చంపేసేవారు. క్రీ.పూ. 7వ శతాబ్దంలో అసీరియా రాజు ఎసర్‌హడ్డోన్ కాలంలో ఇది ఒకటికి మించి సార్లు జరిగింది. 18 ఏళ్ల 11 రోజుల గ్రహణ చక్రాన్ని పసిగట్టిందీ ఈ బాబిలోనియా పండితులే. లెక్క బాగా తెలిసిన చోటే నరబలి కూడా ఉందన్నది మరిచిపోకూడని సంగతి.

క్రీ.పూ. 413 ఆగస్టు 27న చంద్రగ్రహణం పట్టిందని ఏథెన్స్ సేనాని నిసియాస్ తాను ముట్టడించిన సిరక్యూస్ నగరం నుంచి వెనుదిరగడం 27 రోజులు వాయిదా వేశాడు. ఆ జాప్యంలోనే మొత్తం సైన్యం చిక్కుకుపోయింది. 1504 ఫిబ్రవరి 29న కొలంబస్ దీనికి తలకిందులు చేశాడు. పంచాంగంలో గ్రహణం ముందే చూసుకుని, దేవుడు చంద్రుణ్ణి తీసేస్తాడని జమైకా వాసులను బెదిరించి తిండి రాబట్టుకున్నాడు.

ముస్లింల సంప్రదాయంలో ఒక హదీసు ఉంది. ప్రవక్త ముహమ్మద్ కొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజునే గ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటయ్యాడని జనం అన్నారు. ఎవరి చావుకూ పుట్టుకకూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని ఆయన సరిదిద్దారు. పుత్రశోకంలో ఉండి ఆ మాట అనడం ఎంత గొప్ప! గ్రహణవేళ రెండు రకాతుల (ఆవృత్తుల) ప్రత్యేక నమాజు అప్పటినుంచీ ఉంది.

అమెరికాలోని నవాహో తెగవాళ్లు మనలాగే తలుపులు మూసుకుని, తినకుండా, నిద్రపోకుండా ఉంటారు. ఆఫ్రికాలో టోగో, బెనిన్ దేశాల్లోని బతమ్మలిబా జనం సూర్యుడూ చంద్రుడూ పోట్లాడుకుంటున్నారని తలచి, ముందు తమ మధ్య పాత తగాదాలు తీర్చుకుంటారు.

ప్రశ్న: తిరుమల మూస్తారు, శ్రీకాళహస్తి మూయరు. ఎందుకు? (పాఠకురాలు, విల్లివాక్కం)

శ్రీకాళహస్తి రాహుకేతు క్షేత్రం. స్వామి కవచంలో నవగ్రహాలు, 27 నక్షత్రాలు ఉన్నాయి కాబట్టి గ్రహణదోషం అంటదని అక్కడి నమ్మకం. అందుకే ఆ వేళ అభిషేకం చేస్తారు.

ప్రశ్న: పసుపునీళ్లలోనో, ఎక్స్‌రే ఫిల్ములోంచో సూర్యగ్రహణం చూడొచ్చా? (పాఠకుడు, టి.నగర్)

రెండూ వద్దండి. కంటికి చేరే వెలుగు ముప్పైవేలలో ఒక వంతుకు మించకూడదు. నిలకడ నీళ్లు కనీసం యాభైలో ఒక వంతు తిప్పికొడతాయి. ఎక్స్‌రే ఫిల్ములోంచి పరారుణ కిరణాలు దూసుకొస్తాయి. కంటి రెటీనాకు నొప్పి తెలియదు, కాబట్టి కాలిన సంగతి గంటల తర్వాతే బయటపడుతుంది. ఐఎస్ఓ 12312-2 గుర్తున్న కళ్లద్దాలు, లేదా 14వ నంబరు వెల్డింగు అద్దం వాడాలి. గీత పడినా, చిల్లు పడినా పారేయండి.

డబ్బు ఖర్చు లేని పద్ధతి: అట్టకు ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, 2 మీటర్ల దూరంలో తెల్లకాగితం మీద వెలుగు పడనివ్వండి. 18, 19 మిల్లీమీటర్ల సూర్యబింబం కనిపిస్తుంది. దూరాన్ని 108తో భాగిస్తే బింబం కొలత వస్తుంది. రంధ్రం సెంటీమీటరుకు పెరిగితే బింబం మసకబారి కొరుకు స్పష్టంగా కనిపించదు. బూందీ గరిటె అడ్డుపెడితే ఒక్కసారే డజన్లకొద్దీ నెలవంకలు నేలమీద పరుచుకుంటాయి. 2027 ఆగస్టు 2న మన దేశంలో చాలాచోట్ల పాక్షిక సూర్యగ్రహణం ఉంది. గరిటె సిద్ధంగా పెట్టుకోండి, అట్ట రంధ్రాన్ని మాత్రం ముందురోజు ఎండలో ఒకసారి సరిచూసుకోండి.