ఖాళీ పేజీ కింద సంతకం

చిట్టితల్లికి,

నిన్ను అటవీ హక్కుల కమిటీ కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. అటవీ శాఖతో కలిసి ఊరి అడవిని చూసుకునే వనసంరక్షణ సమితికి నేను ఆరేళ్లు అధ్యక్షుణ్ణి, అదీ పేరుకే. బ్యాంకు ఖాతా నాకూ అటవీ అధికారికీ ఉమ్మడి. చెక్కుబుక్కు మాత్రం ఆయన బల్ల సొరుగులోనే ఉండేది.

ఒక సాయంత్రం అటవీ శాఖవాళ్లు, సభ తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకంలో రెండు పేజీలు ఖాళీగా వదిలి, కింద సంతకం పెట్టమన్నారు. ‘తర్వాత రాసుకుంటాం, బస్సు వెళ్లిపోతుంది’ అన్నారు. పెట్టాను. నన్ను చూసి ఇరవై మంది వేలిముద్రలు వేశారు. తొలకరికి, మీ తాత పోడు కొట్టి సామలు పండించిన వాలులో జామాయిలు మొక్కలకు గుంతలు తవ్వేశారు. నిలదీస్తే మా తీర్మానమే మాకు చూపించారు. రాత నాది కాదు, సంతకం నాదే.

అందుకని పుస్తకం నీ దగ్గరే పెట్టుకో. తీర్మానం సభలోనే రాసి, మన భాషలో గట్టిగా చదివి వినిపించు. చివరి వాక్యం కింద గీత కొట్టాకే సంతకాలు. పేజీని ఫోనులో ఫొటో తీసుకో.

గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. 2012లో సవరించిన నిబంధన అది. ఆడవాళ్లు అడ్డాకులకు వెళ్లే పొద్దున సభ పెడితే, జీలుగు చెట్టు కింద కూర్చునే ఆ నలుగురు మగవాళ్లదే రాజ్యం. వాళ్లలో నేనూ ఒకణ్ణి కదా, నాకు తెలుసు! దీపాలు పెట్టాక పిలువు.

సమితి 1992లో ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చింది. నీ కమిటీకి 2006 అటవీ హక్కుల చట్టం అండ ఉంది. మన రాష్ట్రంలో చాలాచోట్ల సామాజిక హక్కు పత్రాలు, అంటే అడవి మీద ఊరందరి ఉమ్మడి హక్కు కాగితాలు, సమితుల పేరున ఇచ్చారు. నువ్వు గ్రామసభ పేరే అడుగు. మహారాష్ట్ర గడ్చిరోలిలోని మెండా-లేఖ గ్రామసభకు 2011లో, వెదురు బయటికి పంపే పాసులు తానే రాసుకునేలా, రవాణా పాసు పుస్తకమే ఇచ్చారు. ఎవరైనా కుదరదంటే ఆ ఊరి పేరు చెప్పు.

అడవి కాసే బీటు గార్డుతో మాత్రం తగాదా పెట్టుకోకు. ఎండాకాలం అగ్గి పుడితే రాత్రంతా మనతో కొమ్మలు పట్టేది అతనే.

ఆనాటి ఆ రెండు పేజీల జిరాక్సు నా ట్రంకుపెట్టెలో ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు.

నీ పెదనాన్న