చనిపోయినవారు దైవదూతలవుతారా?

ప్రశ్న: మంచివాళ్లు చనిపోయాక దైవదూతలైపోతారని విన్నాను. ఇస్లాం కూడా అదే చెబుతుందా? సమాధిలో ప్రశ్నలు వేసేదెవరు?

జవాబు: కాదండీ. దూతలను అల్లాహ్ కాంతితో, మనిషిని మట్టితో సృష్టించాడని హదీసు (ప్రవక్త ముహమ్మద్ మాటల, చేతల ఉల్లేఖనం). రెండూ వేర్వేరు సృష్టులు. స్వర్గానికి వెళ్లినా మనిషి మనిషే.

ప్రాణం తీసే దూతను ఖురాన్ (32:11) ‘మలకుల్ మౌత్’ అంటుంది. అందరి నోటా వినిపించే ఇజ్రాయీల్ అన్న పేరు ఖురాన్‌లో లేదు. ఖననం తర్వాత మున్కర్, నకీర్ అనే ఇద్దరు వచ్చి మూడు ప్రశ్నలు వేస్తారు: నీ ప్రభువెవరు? నీ ధర్మమేది? నీ ప్రవక్త ఎవరు? ఈ వివరాలు హదీసుల్లోవి. ఇక్కడ జవాబు కంఠస్థం చేస్తే వచ్చేది కాదు, బతికినంతకాలం మనసులో నిలిచిన విశ్వాసమే పలుకుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: సమాధి విచారణనే తుది తీర్పు అనుకుంటారు. అది జరిగేది బర్జఖ్‌లో, అంటే మరణానికీ పునరుత్థానానికీ నడుమ ఉండే తెర (23:100). తుది తీర్పు ఆ తర్వాతే. ప్రళయాన శంఖం ఒకసారి ఊదితే అల్లాహ్ కోరినవారు తప్ప అందరూ కూలిపోతారు, మళ్లీ ఊదితే లేచి నిలబడతారు (39:68). మన పనుల లెక్క అప్పుడు. మన వెంట ఉండే గౌరవ లేఖకులు (82:11), అంటే మన పనులు నమోదు చేసే దూతలు, రాసిన పత్రం ఆ రోజే చేతికొస్తుంది. కుడిచేతికి అందితే సాఫల్యం.