పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నార్మండీ ఒడ్డున ట్యాంకులు

ప్రశ్న: మా ఆవడిలో తయారైన టి-72 గొట్టం బిగించుకుని నదులు దాటుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఫ్రాన్స్ తీరమైన నార్మండీకి వచ్చిన అమెరికా షెర్మన్ ట్యాంకులు కూడా అలాగే వచ్చాయా? అక్కడి ఒమాహా తీరం దగ్గర అన్నేసి ట్యాంకులు ఎందుకు మునిగాయి?
– ఒక పాఠకుడు, ఆవడి, చెన్నై

జవాబు: రెండు పద్ధతులూ వేరు. టి-72 తేలదు, గాలి గొట్టంతో నది అడుగున నేలమీదే నడుస్తుంది. నార్మండీలో తేలుతూ వచ్చిన షెర్మన్‌లను డీడీ (డూప్లెక్స్ డ్రైవ్, అంటే నేలమీదా నీటిలోనూ నడిచే) ట్యాంకులు అనేవారు. ట్యాంకు చుట్టూ కాన్వాసు తెర కట్టి, 36 రబ్బరు గొట్టాల్లో గాలి నింపి దాన్ని పైకి లేపేవారు. వెనక రెండు ప్రొపెల్లర్లు, వాటిని తిప్పేది ట్యాంకు ఇనుప పట్టాలైన ట్రాకులే. 30 టన్నుల బండి నీటిమట్టానికి కిందే ఉంటుంది, పైకి కనిపించేది మూడడుగుల తెర ఒక్కటే.

అడుగు ఎత్తు అలలకు సరిపోయే ఏర్పాటు అది. జూన్ 6 ఉదయం ఒమాహా ముందు అలలు అంతకు ఎన్నో రెట్లు లేచాయి. అల పక్కనుంచి కొడితే తెరను నిలబెట్టే ఊతకడ్డీలు వంగుతాయి. తెర ఒక్కచోట ఒరిగిందంటే నీళ్లు ఆగవు. అమెరికన్ 741వ ట్యాంకు బెటాలియన్ ఒడ్డుకు 5 కిలోమీటర్ల దూరంలో 29 ట్యాంకులను దింపితే 27 మునిగాయి. అదే ఒమాహాలో 743వ బెటాలియన్ వాళ్లు సముద్రం తీరు చూసి, ట్యాంకులను పడవల్లోనే ఒడ్డుదాకా తెచ్చారు. చేయవలసిన పని అదే.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో అన్నేసి పాంజర్ (ట్యాంకుల) డివిజన్లు ఉండి కూడా జర్మన్లు మొదటి రెండు మూడు రోజుల్లో ఒడ్డున దిగిన మిత్రదళాలను సముద్రంలోకి ఎందుకు నెట్టలేకపోయారు?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: ఉన్నాయి, కానీ ఒక్కసారిగా రాలేదు. అసలు కారణం అదే. ట్యాంకులు తీరానికి దగ్గరగా ఉండాలని తీర రక్షణ చూసే జర్మన్ సేనాని రోమెల్, పారిస్ వైపు ఒకచోట గుంపుగా ఉంచాలని ట్యాంకు దళాల సేనాని గేయర్ వాదించారు. చివరికి రెండూ జరగలేదు. తీరానికి చేరువలోని కాన్ పట్టణం దగ్గర ఉన్నది 21వ పాంజర్ డివిజన్ ఒక్కటే. అది జూన్ 6 సాయంత్రం ఉత్తరానికి కదిలింది. పెరియే మిట్ట మీద బ్రిటిష్ యాంటీట్యాంక్ తుపాకులు, 17 పౌండర్ అనే శక్తిమంతమైన తుపాకీ ఉన్న షెర్మన్ ఫైర్‌ఫ్లైలు దాని పాంజర్-4 ట్యాంకులను ఆపేశాయి. కాల్బలంలో కొంత భాగం సముద్రం దాకా వెళ్లి కూడా నిలవలేక వెనక్కి వచ్చింది.

12వ ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సొంత సైన్యం), పాంజర్ లేర్ అనే మరో రెండు ట్యాంకు డివిజన్లను కదపాలంటే హిట్లర్ అనుమతి కావాలి. అది మధ్యాహ్నం దాటాక గానీ రాలేదు. రైలు వంతెనలు అంతకుముందే బాంబులకు కూలాయి కాబట్టి పాంజర్ లేర్ పగటిపూట రోడ్డు మీదే రావలసి వచ్చింది. మిత్రదళాల విమానాలు ట్యాంకుల కంటే ఎక్కువగా లారీలను, పెట్రోలు బళ్లను తగలబెట్టాయి. పెట్రోలు అందని ట్యాంకు ఉన్నచోటే ఉంటుంది. దూరం నడిస్తే జర్మన్ పాంథర్ ట్యాంకులో ముందు విరిగేవి ట్రాకులను తిప్పే ఫైనల్ డ్రైవ్ గేర్లు. ఇలా వచ్చినవి వచ్చినట్టే యుద్ధంలోకి దిగాయి. జూన్ 10న గేయర్ ప్రధాన కార్యాలయం మీదే బాంబులు పడటంతో, అందరినీ కలిపి కొట్టాలన్న పథకం కూడా ఆగిపోయింది.

ప్రశ్న: నార్మండీ పొలాల చుట్టూ ఉన్న పొదల గట్లు ట్యాంకులను అంతగా ఎలా ఆపాయి?
– ఒక పాఠకుడు, టి.నగర్, చెన్నై

జవాబు: అవి పొదలు మాత్రమే కావు, వేళ్లు అల్లుకుపోయిన మట్టిగట్లు. షెర్మన్ గట్టెక్కితే ముక్కు పైకి లేచి, పలచటి అడుగు రేకు అవతల కాచుకున్న పాంజర్‌ఫౌస్ట్‌కు (ఒక్క సైనికుడు చేత్తో పట్టి పేల్చే జర్మన్ ట్యాంకు విధ్వంసక ఆయుధం) దొరుకుతుంది. అదే క్షణంలో దాని తుపాకీ ఆకాశం వైపు ఉంటుంది. తీరంలో జర్మన్లు పాతిన ఇనుప అడ్డంకులనే కోసి, అమెరికన్ సార్జెంట్ కర్టిస్ క్యూలిన్ ట్యాంకు ముందు పళ్లుగా వెల్డింగ్ చేయించాడు. పళ్లు గట్టు మొదట్లో గుచ్చుకుంటాయి, అందుకే ముక్కు లేవదు. ఇంజను తోసేకొద్దీ గట్టు తెగి దారి పడుతుంది. జర్మన్లు ముందే పసిగట్టకూడదని, జూలై 25న కోబ్రా అనే అమెరికన్ దాడి మొదలయ్యేదాకా ఈ పళ్లను రహస్యంగా ఉంచారు.