ఇల్లు వదిలితే హెచ్-4 పోతుందా?

ప్రశ్న: మా మనవరాలికి 17 ఏళ్ల 4 నెలలు. తొమ్మిదో ఏట తల్లిదండ్రులతో టెక్సాస్ వెళ్లింది. అల్లుడిది హెచ్-1బి ఉద్యోగ వీసా, మా అమ్మాయికీ మనవరాలికీ దాని మీద వచ్చిన హెచ్-4 డిపెండెంట్ వీసా. ఏం చదవాలన్న దగ్గర తండ్రీకూతుళ్లకు పడటం లేదు. అదే ఊళ్లో మా అక్క కూతురు ఉంది, పిల్లకు పిన్ని వరస. అక్కడికి వెళ్లిపోతానని పట్టుబట్టి కూర్చుంది. 'గడప దాటితే నీ వీసా క్యాన్సిల్ చేయిస్తా' అంటున్నాడు అల్లుడు. అంత పనీ చేయగలడా? చిన్న ఉద్యోగం చూసుకుంటానంటోంది, కుదురుతుందా? లేక విశాఖకే రప్పించుకోమంటారా? – ఒక అమ్మమ్మ, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: చేయలేడమ్మా. తండ్రి తన బిడ్డ హెచ్-4ను రద్దు చేయించడానికి అమెరికాలో ఫారం అంటూ ఏదీ లేదు. హెచ్-4 నిలవాలంటే తండ్రి హెచ్-1బి సవ్యంగా నడుస్తుండాలి, పిల్లకు 21 నిండకూడదు, పెళ్లి కాకూడదు, ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే రికార్డు) మీద ఉన్న గడువు దాటకూడదు. తల్లిదండ్రులతో ఒకే ఇంట్లో ఉండాలన్న షరతు అందులో లేదు. వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లల హెచ్-4 ఏమీ పోవడం లేదు కదా. బ్రిటన్‌లో మాత్రం డిపెండెంట్ పిల్లలు సొంతంగా బతకడం మొదలుపెడితే పొడిగింపు దగ్గర చిక్కే. అక్కడి బంధువుల మాటలు విని అమెరికా వాళ్లు కూడా బెంబేలెత్తుతుంటారు.

అల్లుడి బెదిరింపును పక్కన పెట్టండి. అసలు ప్రమాదం పిల్ల చెబుతున్న ఆ చిన్న ఉద్యోగంలో ఉంది.

హెచ్-4 మీద వర్క్ పర్మిట్ కొందరు జీవిత భాగస్వాములకు ఇస్తారు, పిల్లలకు ఇవ్వరు. ఇండియన్ రెస్టారెంట్లోనో, పెట్రోలు బంకులోనో చేతికి డబ్బులిచ్చి పెట్టుకునేవాళ్లు దొరుకుతారు. జీతం చీటీ లేకపోయినా చట్టం దృష్టిలో అది ఉద్యోగమే, స్టేటస్ ఉల్లంఘనే. రేపు స్టూడెంట్ వీసాకు మారతానన్నప్పుడు అదే అడ్డొస్తుంది. ఇంతకంటే పెద్ద గొయ్యి ఇంకోటి ఉంది. పద్ధతిగా నడిచే దుకాణాలు చేరినప్పుడు ఐ-9 అనే కాగితం నింపిస్తాయి. అందులో నాలుగు గడులుంటాయి, మొదటిది 'అమెరికా పౌరులు'. స్నేహితురాలు పెట్టిందని తనూ అక్కడే టిక్కు పెట్టి సంతకం చేస్తే, లేని పౌరసత్వం చెప్పుకున్నట్టు లెక్క. గ్రీన్‌కార్డు దారి జన్మంతా మూసుకుపోతుంది, దానికి మాఫీ దాదాపు లేదు. 18 నిండాక డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో 'ఓటరుగా నమోదవుతారా' అని అడిగినప్పుడు అవునన్నా ఇదే కథ. పిల్లకు మీరు ఫోనులో చెప్పాల్సిన మొదటి మాట ఇది, వీసా సంగతి ఆ తర్వాత.

ఉద్యోగం కుదరదన్నదానికి ఒకే మినహాయింపు. మీ అల్లుడు గ్రీన్‌కార్డు చివరి మెట్టు ఐ-485 పిల్ల పేరు మీద కూడా వేసి ఉంటే, దాని మీద ఆమెకు వర్క్ పర్మిట్ వస్తుంది. కార్డు చేతిలో ఉంటే నిక్షేపంగా ఉద్యోగం చేసుకోవచ్చు. వేశారో లేదో మీ అమ్మాయిని అడగండి.

లేకపోతే పిల్ల ఖర్చు ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆ ఎవరో మీరే కావచ్చు. రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం కింద ఇక్కడ నివసించే ఎవరైనా ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపవచ్చు. ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) కోత కూడా లేదు. మీ బ్యాంకులో పాన్ కార్డు చూపించి ఫారం ఎ2 నింపితే చాలు. పిల్ల మైనరు కాబట్టి అక్కడ పిన్నితో కలిపి జాయింట్ ఖాతా తెరిపించండి.

ఇక కాగితాలు. ఇల్లు వదిలిన పిల్లల హెచ్-4 సాధారణంగా జారిపోయేది ఇక్కడే, అదీ ఎవరూ కావాలని చేయకుండానే. మైనర్లకు మన పాస్‌పోర్టు ఐదేళ్లకో, 18 నిండేవరకో, ఏది ముందైతే దానికి ఇస్తారు (15 దాటితే పదేళ్లది అడగవచ్చు). విమానాశ్రయంలో అమెరికా అధికారులు సాధారణంగా పాస్‌పోర్టు గడువు దాటి ఐ-94 ఇవ్వరు. దాంతో తండ్రి ఐ-94 ఇంకో రెండేళ్లు ఉంటుంది, పిల్లది మాత్రం ఆమె 18వ పుట్టినరోజుతో ముగిసిపోతుంది. అందరిదీ ఒకే తేదీ అనుకుని ఇంట్లో ఎవరూ చూడరు. వీసా స్టాంపు మీద తేదీ చూసి 'ఇంకా ఉందిగా' అనుకుంటారు. స్టాంపు దేశంలోకి రావడానికి, ఉండటానికి లెక్కలోకి వచ్చేది ఐ-94. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైటులో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే పిల్ల తన ఫోనులోనే చూసుకోవచ్చు. అమెరికాలో ఉండగానే పొడిగింపు వచ్చి ఉంటే కొత్త ఐ-94 ఆ వెబ్‌సైటులో కనిపించదు, ఐ-797ఎ ఆమోద పత్రం అడుగున చింపుకునే ముక్కగా ఉంటుంది.

18 దగ్గర ఈ తేదీకి ఎందుకింత పట్టింపు? మైనరుగా ఉన్నంత కాలం గడువు దాటినా అక్రమ నివాసపు రోజుల లెక్క మొదలవదు. 18 నిండిన రోజు నుంచి మొదలవుతుంది. 180 రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్లు తిరిగి రానివ్వరు.

గడువు దగ్గరపడితే పొడిగింపుకు ఐ-539 దరఖాస్తు వేయాలి. ఆన్‌లైన్లో 420 డాలర్లు, కాగితం మీద 470. 14 దాటిన పిల్ల తన దరఖాస్తు మీద తానే సంతకం చేయవచ్చు, తండ్రి అనుమతి అక్కర్లేదు. కానీ జతచేయాల్సినవన్నీ తండ్రివే: ఆయన ఐ-797, ఐ-94, ఈమధ్య జీతం చీటీలు, వాటితో పాటు పిల్ల జనన ధ్రువపత్రం. తండ్రి బెదిరింపులో ఉన్న నిజమల్లా ఇంతే. రద్దు చేయించలేడు, కాగితాలు ఇవ్వకుండా ఇబ్బంది పెట్టగలడు. మీకు కలిసొచ్చేది ఏమిటంటే, మీ అమ్మాయి కూడా హెచ్-4లోనే ఉంది. తన పొడిగింపుకి కావలసినవీ అవే కాగితాలు కాబట్టి ఆమె దగ్గర ఒక సెట్టు ఉండి తీరుతుంది. పిల్ల గడప దాటకముందే వాటి నకళ్లు, అసలు పాస్‌పోర్టు పిల్ల చేతిలో పెట్టించండి. తండ్రి పాస్‌పోర్టు దాచేశాడని 'పోయింది' అంటూ తప్పుడు ఫిర్యాదు మాత్రం ఇవ్వనివ్వకండి. 18 నిండేదాకా కొత్తది కావాలంటే తల్లిదండ్రుల సంతకాలు అడుగుతారు, నిండాక తనంతట తనే వేసుకోవచ్చు.

తండ్రి కంపెనీ మారినా, ఉద్యోగం పోయినా పిల్లకు తెలియాలి. ఉద్యోగం పోతే దొరికేది 60 రోజుల వెసులుబాటు, ఐ-94 అంతకంటే ముందే ముగిసిపోతే అప్పటివరకే. అది ఆయనతో పాటు పిల్లకూ వర్తిస్తుంది. మాటలు లేకపోయినా ఈ కబురు అందే దారి ఒకటి ఉంచుకోవాలి. సలహాకు తండ్రి కంపెనీ లాయరు దగ్గరికి వెళ్లవద్దు. ఆయన కంపెనీ మనిషి, పిల్ల చెప్పింది రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆయనకు లేదు. ఇల్లు మారిన పది రోజుల్లో చిరునామా మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం ఆన్‌లైన్లో నింపాలి, దానికి రుసుము లేదు.

పిన్ని ఇంటి సంగతికి వద్దాం. ఇందులో చిక్కు పిల్లకంటే పిన్నికి ఎక్కువ. టెక్సాస్‌లో 17 నిండిన పిల్ల ఇల్లు వదలడం నేరం కాదు. అయినా 18 వరకు ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు తల్లిదండ్రులదే. వాళ్లకు ఇష్టం లేకుండా వచ్చేసిన మైనరును ఇంట్లో ఉంచుకోవడం అక్కడి పీనల్ కోడ్ 25.06 కింద నేరం, ఏడాది వరకు జైలు, 4,000 డాలర్ల వరకు జరిమానా. రెండో అంతరువు (చుట్టరికంలో రెండో మెట్టు) లోపలి బంధువులకు ఆ సెక్షన్లోనే రక్షణ ఉంది. అమ్మమ్మగా మీరు అందులోకి వస్తారు. సొంత పిన్నే మూడో అంతరువు, మీ అక్క కూతురు ఇంకా దూరం. ఆమెకున్న రక్షణ ఒకటే: పిల్ల చెప్పకుండా వచ్చిందని తెలిసిన 24 గంటల్లో ఇంటికో పోలీసులకో 'మా దగ్గర క్షేమంగా ఉంది' అని తెలియజేయాలి. ఫోనుతో పాటు మెసేజ్ కూడా పెడితే రుజువుంటుంది. ఆమె కూడా హెచ్-1బి మీదే ఉంటే, ఇలాంటి కేసు ఆమె వీసాకే ఎసరు.

అందుకే దొంగచాటుగా కాకుండా తల్లి సంతకంతో పంపడం మేలు. తల్లిదండ్రులు కాని సంరక్షకులకు బడి, వైద్యం వంటి వాటిలో అధికారం ఇచ్చే ఒప్పంద పత్రం టెక్సాస్ ఫ్యామిలీ కోడ్ 34వ అధ్యాయంలో ఉంది. నోటరీ ముందు సంతకం చేస్తే సరి, కోర్టు అక్కర్లేదు. అది చేతిలో ఉంటే బడి మారడం తేలిక. ప్రభుత్వ బడి వీసా చూపించమని అడగకూడదు, 1982లో అమెరికా సుప్రీంకోర్టు ప్లైలర్ కేసులో చెప్పినదాని సారం అదే.

ఇంటర్నెట్‌లో చూసి పిల్ల 'ఎమాన్సిపేషన్ వేసుకుంటా' అనవచ్చు. 17 నిండితే టెక్సాస్ కోర్టులో మేజరుగా గుర్తించమని అడగవచ్చు, నిజమే. కానీ తన ఖర్చులు తానే పెట్టుకుంటున్నట్టు చూపించాలి. ఉద్యోగం చేసే హక్కే లేని పిల్ల ఆ రుజువు ఎక్కడినుంచి తెస్తుంది? ఎనిమిది నెలల్లో ఎలాగూ 18 నిండుతుంది, ఆ డబ్బు దండగ.

కొట్టడం, తిండి పెట్టకపోవడం వంటివి మీ లేఖలో లేవు. ఉంటే మాత్రం ఎదురు చూడొద్దు, 911కో టెక్సాస్ అబ్యూజ్ హాట్‌లైన్ 1-800-252-5400కో చేయించండి. అప్పుడు రెండు దారులుంటాయి. నేరానికి గురై పోలీసులకు సహకరించినవారికి ఇచ్చే యు వీసా ఒకటి. తల్లిదండ్రుల్లో ఒకరి హింస, నిర్లక్ష్యం వల్ల వారి దగ్గరికి చేర్చలేమని రాష్ట్ర కోర్టు తేల్చిన పిల్లలకు ఇచ్చే స్పెషల్ ఇమిగ్రెంట్ జువెనైల్ హోదా రెండోది. ఈ రెండో దారిలో గ్రీన్‌కార్డు పొందిన బిడ్డ ద్వారా ఇద్దరిలో ఏ తల్లిదండ్రికీ ఎప్పటికీ వలస ప్రయోజనం రాదు, తప్పు చేయని తల్లికైనా సరే. టెక్సాస్ కోర్టులో ఆ ఉత్తర్వు 18 లోపే తెచ్చుకోవాలి. కోర్సు గురించిన గొడవ దీని కిందికి రాదు, లాగి చూడొద్దు.

మీ కేసులో నేనైతే ఎనిమిది నెలలు ఓపిక పట్టి, కాలేజీలో చేరేటప్పుడు ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకు, మారమంటాను. అప్పుడు తండ్రి ఉద్యోగంతో, కాగితాలతో ముడి తెగిపోతుంది. కాలేజీ నుంచి ఐ-20 (సీటు ఇచ్చినట్టు కాలేజీ ఇచ్చే పత్రం) తెచ్చుకుని, 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) రుసుము కట్టి, స్టేటస్ మార్పుకు అదే ఐ-539 వేయాలి. వేసే రోజుకు హెచ్-4 చెల్లుబాటులో ఉండాలి. ఎఫ్-1 మంజూరయ్యాక క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. ఐ-20కి మొదటి ఏడాది ఫీజూ ఖర్చులూ చూపించాలి, స్పాన్సరు తండ్రే కానక్కర్లేదు. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్లు, సేవింగ్స్ నిల్వ, బ్యాంకు మంజూరు చేసిన విద్యారుణం పనికొస్తాయి. మధురవాడలో స్థలం ఎంత ధర పలికినా చేతిలో డబ్బు కింద లెక్కకు రాదు. ఎఫ్-1కి మారినంత మాత్రాన తండ్రి గ్రీన్‌కార్డు వరుసలో పిల్ల చోటు పోదు. చట్టం లెక్క ప్రకారం 21 దాటకముందే ఆ వరుసలో తండ్రి వంతు వస్తే, అప్పటికి పెళ్లి కాకుండా ఉంటే, తనూ దరఖాస్తు వేసుకోవచ్చు.

విశాఖ రప్పించుకోవడం చట్టపరంగా తేలిక. 18 లోపు వచ్చేస్తే నిషేధాల గొడవ లేదు, 21 వరకు మళ్లీ హెచ్-4 అడిగే అర్హత ఉంటుంది. హైస్కూలు డిప్లొమా చేతికి వచ్చాకే బయల్దేరమనండి, చివరి ఏడాది మధ్యలో వస్తే ఇక్కడ కాలేజీల్లో ఈక్వివలెన్స్ దగ్గర అవస్థ. పాస్‌పోర్టులో హెచ్-4 స్టాంపు గడువు దాటి ఉంటే తిరిగి వెళ్లడానికి హైదరాబాద్ కాన్సులేట్‌లో కొత్తది వేయించుకోవాలి, దానికి మళ్లీ తండ్రి ఐ-797 కావాలి. పైగా 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలిస్తున్నారు, అందరికీ కనిపించేలా తెరిచి ఉంచమంటున్నారు. ఆ పరిశీలన మొదలయ్యాక ఇంటర్వ్యూ తేదీలు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి. కాబట్టి తిరుగు టికెట్టు కొనేముందు స్టాంపు తేదీ చూసుకోండి.