వెనక ఒక్కటే లావు చేయకు

చిన్నీ,

నువ్వు టొయోటా 86 స్పోర్ట్స్ కారు కొన్నావని అక్క ఫోన్‌లో చెప్పినప్పుడు పైకి "మంచిదే" అన్నాను గానీ, లోపల సగం గర్వం, సగం గుబులు. తర్వాత నువ్వు పంపిన టైర్ల జాబితా చూశాక గుబులే గెలిచింది. 18 అంగుళాల చక్రాలు, ముందు 225/40, వెనక 245/40. ఆర్డరు పెట్టే ముందు ఇదంతా ఓపిగ్గా చదువు.

తేలిక సంగతులు ముందు తేల్చేస్తాను. నీ బండికి నట్ల అమరిక 5×100 (100 మి.మీ. వలయం మీద ఐదు నట్లు), మధ్య రంధ్రం 56.1 మి.మీ., నట్టు మర ఎం12×1.25. కొత్త చక్రం రంధ్రం అంతకంటే పెద్దదైతే ఆ ఖాళీ నింపే హబ్ రింగులు వేయించు (హబ్ అంటే చక్రం బిగించే ఇరుసు కొస), లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది. స్పోకులు బ్రేక్ కాలిపర్‌కు తగలకూడదు. టైరు మీద బరువు సూచించే అంకె, వేగం సూచించే అక్షరం కంపెనీ ఇచ్చిన వాటికి తగ్గకూడదు. వీటికి ఇంతకంటే మాటలక్కర్లేదు.

ఇప్పుడు నీ జాబితాకొద్దాం. రెండిటికీ 40 ఉంది కదా, ఎత్తు సమానమే అనుకున్నావు. ఆ 40 అనేది మిల్లీమీటర్లు కాదమ్మా, వెడల్పులో శాతం. 225లో 40 శాతం అంటే పక్క గోడ ఎత్తు 90 మి.మీ. పైనా కిందా కలిపి 180, దానికి 18 అంగుళాల రిమ్ము 457.2 కలిపితే టైరు వ్యాసం 637 మి.మీ. అదే 245 అయితే గోడ 98, మొత్తం 653. ముందుకీ వెనకకీ 16 మి.మీ. తేడా, అంటే రెండున్నర శాతం. నీ బండి పుట్టింది నాలుగు చక్రాలకూ ఒకే 215/45 ఆర్17తో, అంటే 625 మి.మీ.తో. బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్, రెండూ నాలుగు చక్రాల వేగాలను పోల్చి చూసుకుంటూనే పనిచేస్తాయి. నువ్వు తిన్నగా వెళుతున్నా ముందు చక్రాలు వెనకవాటికంటే ఎప్పుడూ వేగంగా తిరుగుతుంటే వాటి లెక్క చెడుతుంది. పైగా ముందుతో పోలిస్తే వెనక భాగం 8 మి.మీ. పైకి లేస్తుంది. గేర్లు నాలుగున్నర శాతం పొడవైనట్టే లెక్క. వేగంగా తిరిగినప్పుడే బలమంతా చూపించే ఆ చిన్న ఇంజనుకు ఇదొక భారం. సైజు ఏదైనా సరే, కాగితం మీద ఈ కూడిక వేయకుండా డబ్బు కట్టకు.

"సరే మామయ్యా, వెనక 245/35 పెడతాను" అంటావు, నాకు తెలుసు. దాని వ్యాసం 628.7, తేడా సగానికి తగ్గుతుంది. కానీ అసలు తప్పు వ్యాసంలో లేదు. వెనక మాత్రమే లావు చేయాలనుకోవడంలో ఉంది. వెనక చక్రాలు తిప్పే బండి కొన్న ప్రతివాళ్లూ మొదట చేసేది ఇదే. వెనక నుంచి చూస్తే బండి బలంగా కనిపిస్తుంది, నిజమే. వాపు చూసి బలుపనుకోవడం అంటే ఇదే.

ఎందుకో వివరంగా చెబుతాను, ఈ ఉత్తరంలో ముఖ్యమైన ముక్క ఇదే. టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది గానీ, అదే నిష్పత్తిలో పెరగదు. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువే. మలుపులో బయటి టైర్ల మీదికి బరువు దొర్లుతుంది కాబట్టి, ఏ ఇరుసు మీద బరువెక్కువో ఆ ఇరుసు టైర్లు ముందుగా అలిసిపోతాయి. ఇక వెడల్పు వల్ల నేలను తాకే చోటు విస్తీర్ణం నువ్వనుకున్నంత పెరగదు. దాన్ని చాలావరకు నిర్ణయించేవి బరువూ గాలి ఒత్తిడీ. వెడల్పు మార్చేది ఆ తాకే చోటు ఆకారాన్ని. అది పొడవు తగ్గి అడ్డంగా సాగుతుంది, అప్పుడు టైరు తక్కువ కోణంలో మెలితిరిగి అదే పక్కబలం ఇస్తుంది. ముందు టైర్లు ఎక్కువ మెలితిరగాల్సి వస్తే బండి మలుపులో బయటికి జరుగుతుంది, అది అండర్‌స్టీర్. వెనక టైర్లు ఎక్కువ మెలితిరిగితే తోక తిరుగుతుంది, అది ఓవర్‌స్టీర్. కాబట్టి ప్రవర్తనను నిర్ణయించేది ఒక్క టైరు వెడల్పు కాదు, ముందు వెడల్పుకీ వెనక వెడల్పుకీ ఉన్న నిష్పత్తి, అదీ ఆ ఇరుసుల మీది బరువుతో పోల్చి చూసినప్పుడు.

ఇది కాగితం మీది సిద్ధాంతమే అనుకోకు. పోర్షే 911కి ఇంజను వెనక ఇరుసుకూ వెనక వేలాడుతుంది, అంటే బరువెక్కువ వెనకే. 1973 మోడల్ కరెరా ఆర్‌ఎస్ 2.7కి ముందు 6 అంగుళాల రిమ్ము మీద 185/70, వెనక 7 అంగుళాల రిమ్ము మీద 215/60 పెట్టారు. రెండూ 15 అంగుళాలవే. ఆ వ్యాసాలు లెక్కేసి చూడు, 640, 639 వస్తాయి. వెడల్పు 30 మి.మీ. పెంచారు, ఎత్తు కదలనివ్వలేదు. హోండా ఎస్2000 బరువు ముందూ వెనకా దాదాపు సమానం. మొదట్లో 205, 225 ఇచ్చారు. తోక చటుక్కున తిరుగుతోందని పేరు పడ్డాక, 2004 మార్పులో సస్పెన్షన్ సరిచేస్తూ 215, 245 చేశారు. ముందు పది పెంచితే వెనక ఇరవై పెంచారు, చూశావా! ఇక నీ 86 బరువులో 53 శాతం ముందు ఇరుసు మీదే ఉంది. అందుకే నాలుగూ ఒకే సైజు. అలాంటి బండికి వెనక మాత్రం 20 మి.మీ. పెంచితే ముందు భాగం నీ మాట వినడం మానేస్తుంది. మలుపు మొదట్లో స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పుతూ ఉంటావు, బండి తిన్నగా పోతుంటుంది. అప్పుడు ఆ అండర్‌స్టీర్ పోగొట్టడానికి మలుపులో బండి పక్కకు ఒరగకుండా ఆపే యాంటీరోల్ బార్లు కొంటావు, స్ప్రింగులు కొంటావు. చేజేతులా తెచ్చిపెట్టుకున్న రోగానికి మందులు అవన్నీ.

నన్నడిగితే 17 అంగుళాల దగ్గరే ఉండు. 17×8 రిమ్ము, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యరేఖ నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో ఆ దూరం) 45, నాలుగింటికీ 225/45 ఆర్17. వ్యాసం 634, కంపెనీదానికంటే ఒకటిన్నర శాతం లోపే ఎక్కువ. 18 పెడితే చక్రం బరువు సాధారణంగా పెరుగుతుంది, గోడ పొట్టిదవుతుంది, గుంత తగిలితే రిమ్ము వంగే అవకాశమూ పెరుగుతుంది. వాటికి బదులు నీకు దక్కేది ఫోటో. అన్నట్టు ఈ బండితో వచ్చిన టైర్లకు పట్టు తక్కువని అందరూ తిడతారు. తక్కువ వేగంలోనే బండి ఆడుకోవడానికి అలా కావాలనే ఇచ్చారు. కాబట్టి మొదటి కొన్ని నెలలు వాటితోనే నేర్చుకున్నా నేనేమీ అనను, నిజానికి సంతోషిస్తాను.

రిమ్ము వెడల్పు ఎందుకు చెప్పానంటే, 225 టైరు 7 అంగుళాల రిమ్ము మీద కూడా కూర్చుంటుంది. కానీ గోడలు లోపలికి ఒరిగి, మలుపులో వదులు చెప్పులో పాదంలా కదులుతుంది, స్టీరింగ్ తిప్పాక బండి ఒక క్షణం ఆలోచిస్తుంది. 8 అంగుళాల మీద గోడ నిటారుగా నిలబడుతుంది. అలాగని సన్న టైరును 9 అంగుళాల రిమ్ము మీద సాగదీసి బిగించే వాళ్లను చూసి మోసపోకు. గాలి తగ్గిందంటే అంచు రిమ్ము నుంచి ఊడొస్తుంది.

ఆఫ్‌సెట్ లెక్క ఇలా వేయాలి. పాతది 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 48. సగం వెడల్పు 88.9, దానికి 48 కలిపితే హబ్ నుంచి లోపలి అంచుకు 136.9, తీసేస్తే బయటి అంచుకు 40.9. కొత్తది 8 అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. సగం 101.6, లోపలికి 146.6, బయటికి 56.6. అంటే లోపల స్ట్రట్ (సస్పెన్షన్ కడ్డీ) వైపు పది మి.మీ. దగ్గరవుతుంది, బయట ఫెండర్ (చక్రం పైని రేకు) వైపు దాదాపు పదహారు పొడుచుకొస్తుంది. ఇది రిమ్ము లెక్కే. టైరు అసలు వెడల్పు కంపెనీని బట్టి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. అందుకే ఒక ముందు చక్రం బిగించాక ఫెండర్ లోపలి అంచుకూ ప్లాస్టిక్ లైనర్‌కూ సుద్ద పూయి. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పు, తర్వాత పూర్తిగా తిప్పి ఉంచి మెల్లగా రివర్సు చేయి. టైరు భుజం మీద తెల్లగా అంటుకుందంటే ఎక్కడ రాసుకుంటోందో అదే చూపిస్తుంది. బయటికి తోసినట్టు కనబడాలని హబ్‌కూ చక్రానికీ మధ్య లావు స్పేసర్లు (బిళ్లలు) మాత్రం పెట్టకు. టైరు మధ్యరేఖ బయటికి జరిగిన కొద్దీ ఎగుడుదిగుళ్లలో స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది, ఒక పక్క తడి మీద బ్రేకు వేస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది. వర్షంలో దిగుడు మలుపు, అక్కడ నువ్వు యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీస్తావు. బరువంతా ముందుకు పోతుంది, వెనక తేలికవుతుంది. ఆ క్షణంలో వెనక టైర్లు అరిగినవైతే తోకను పట్టుకోవడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఎప్పుడైనా రెండే కొత్త టైర్లు కొనాల్సి వస్తే అవి వెనకే వెయ్యి, అరిగినవి ముందువే అయినా సరే, అప్పుడు వెనకవాటిని ముందుకు మార్చు. ముందు జిగురు రకం, వెనక గట్టి రకం కలిపి నడపకు, నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. లావు టైరు ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి గనక నీటి మీద త్వరగా తేలుతుంది, 225 దగ్గరే ఆగమనడానికి అదీ ఒక కారణం. పాత చక్రాలతో టైర్లు వస్తే గోడ మీద డాట్ అక్షరాల చివరి నాలుగంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాళ్లు ఎంత లోతుగా కనిపించినా గట్టిపడిన రబ్బరును తడిలో నమ్మకు. మీ అమ్మ మీద ఒట్టు పెట్టించుకుందామనుకున్నాను గానీ, నువ్వు పెద్దదానివయ్యావు, అంత అవసరం లేదులే.

బిగించాక టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత పెట్టు. అక్కడి నుంచి ఒకసారికి రెండు పీఎస్‌ఐ మించి మార్చకు, ముందు గానీ వెనక గానీ ఒక్క ఇరుసుకే మార్చు, లేకపోతే ఏ మార్పుకు ఏం జరిగిందో తెలియదు. ఖాళీ మైదానంలో గుండ్రంగా, స్టీరింగ్ ఒకేచోట పట్టుకుని మెల్లగా వేగం పెంచు. వలయం పెద్దదవుతుంటే ముందు జారుతోంది, చిన్నదవుతుంటే వెనక. ట్రాక్ మీద దిగావంటే, ఆపిన వెంటనే ఒక్కో టైరుకు లోపల, మధ్య, బయట వేడి కొలిపించు. మధ్య మిగతా రెండిటికంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది. బయటి అంచు బాగా వేడైతే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండే కోణం) చాలలేదు. బార్ల గురించి, స్ప్రింగుల గురించి ఇదంతా అయ్యాకే మాట్లాడుకుందాం.

నట్లు టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే రెంచి) నక్షత్రం ఆకారంలో, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి. గాలి తుపాకీతో బిగిస్తామంటే ఒప్పుకోకు. వంద కిలోమీటర్లు తిరిగాక బండి చల్లబడనిచ్చి మళ్లీ టార్క్ చూడు. ఆర్డరు పెట్టే ముందు రిమ్ము వెనక పోతపోసిన అంకెల ఫోటో ఒకటి నాకు పంపు. అమ్మేవాళ్లు ఆఫ్‌సెట్ 45 అని నోటితో చెబితే నమ్మకు, ఆ అంకె కంటితో చూడాలి.

మామయ్య