ఐస్ హాకీ చూడని వాళ్ళకి ఐస్ హాకీ ప్రేమ నవలలు ఎందుకంత నచ్చుతాయి?

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. మీ చెల్లెలు అర్ధరాత్రి దుప్పట్లో ఫోన్ పెట్టుకుని కిసుక్కున నవ్వుతోందనీ, ఏంటా అని లాక్కుని చూస్తే అమెరికాలో ఐస్ హాకీ ఆడేవాడి ప్రేమకథ అనీ రాశారు. చెరకు రసం బండి దగ్గర తప్ప ఐసుగడ్డ చూడని పిల్లకి అందులో ఏం కనిపిస్తోందని అడిగారు. మీ చెల్లెలి తరఫున నేను చెప్తాను. నాదీ అదే జబ్బు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. మాది విజయనగరం జిల్లా, నెల్లిమర్ల వైపు. ఆ చుట్టుపక్కల ఆడపిల్ల బరువులెత్తడం వింతేమీ కాదు. అక్కడి కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో మనమ్మాయి కంచు వెండి అయింది. నేను అంత దూరం వెళ్ళలేదు. జిల్లా పోటీలు, ఏదో రాష్ట్ర పోటీలు, అక్కడితో సరి. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఒక హైస్కూల్లో పీఈటీని. సెలవులకి ఇంటికెళ్ళే బస్సులో ఈ నవలలు చదువుతాను. శ్రీకాకుళంలో ఎక్కాక రణస్థలం దాటేలోపు ఒకసారైనా పైకి నవ్వించకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టేస్తాను.

ఇక అసలు మాట. ఈ నవలల్లో ప్రేమకి అడ్డు ఉంటుంది, కానీ అది ప్రాణాల మీదికి వచ్చే అడ్డు కాదు. నవ్వుకోగలిగినంత అడ్డు. నా మటుకు నాకు కిటుకంతా ఇక్కడే ఉంది.

మనకి ప్రేమకథ అనగానే కులం, కట్నం, జాతకం, నాన్న పరువు వరసగా వచ్చి కూర్చుంటాయి. అవి నవ్వులాటలు కావు, పేపర్లో రోజూ చూస్తూనే ఉన్నాం. అమెరికా రచయిత్రికి ఇంకో రకం తలనొప్పి. అబ్బాయికి ముప్ఫై, అమ్మాయికి ఇరవై ఎనిమిది, ఇద్దరికీ సంపాదన ఉంది, ఇద్దరి అమ్మానాన్నలూ "మీ ఇష్టం" అనేశారు. మరి పదో పేజీలోనే ఒకటైపోతే మిగతా మూడొందల పేజీలు ఏం రాయాలి? అక్కడ ఆట అక్కరకొస్తుంది. కోచ్ కూతురి జోలికి వెళ్ళకూడదు. కెప్టెన్ చెల్లెలి వైపు కన్నెత్తి చూడకూడదు. అమ్మాయి జట్టుకి ఫిజియో అయితే ఆమె ఉద్యోగానికే ఎసరు. ఒక్కో జట్టుకి సీజన్లో 80 పైనే మ్యాచ్‌లు, అందులో సగం పరాయి ఊళ్ళలో, కాబట్టి కలుసుకోవడానికే తీరిక ఉండదు.

వీటన్నిటినీ మించింది ట్రేడ్. అక్కడి లీగుల్లో జట్లు ఆటగాళ్ళని ఒకరికొకరు మార్చుకోవచ్చు. కాంట్రాక్టులో ముందే షరతు రాయించుకుంటే తప్ప "వెళ్తావా?" అని ఆ ఆటగాణ్ణి అడగాల్సిన పని లేదు. పొద్దున్న ఫోన్ వస్తే సాయంత్రానికి సామాను సర్దుకుని దేశం ఆ చివరికి పోవాల్సిందే. మన టీచర్ల బదిలీలకి కౌన్సెలింగ్ అయినా ఉంటుంది, కోట్లు సంపాదించే ఆ హీరోకి అదీ లేదు! ఇప్పుడిప్పుడే ఇద్దరూ దగ్గరవుతున్నారు, ట్రేడ్ గడువు దగ్గరపడుతోంది. చదివేవాళ్ళకి టెన్షన్ నిజంగానే ఉంటుంది. అయినా భయం ఉండదు. ఎందుకంటే రొమాన్స్ అని అట్ట మీద వేశాక చివరికి ఇద్దరూ కలవాల్సిందే, అది ఆ సాహిత్యంలో రాసుకున్న ఒప్పందం. కలుస్తారా లేదా అన్నది ఎప్పుడో తేలిపోయింది కాబట్టి, కలిసేలోపు ఎన్ని తిప్పలు పడతారో చూస్తూ హాయిగా నవ్వుకోవచ్చు.

"ఆట అర్థం కాకపోతే ఎలా?" అన్నారు కదా. అర్థం కావక్కర్లేదు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు, ఎవరు ఎక్కువ గోల్స్ వేస్తే వాళ్ళు నెగ్గినట్టు, అంతే. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి. ప్రో కబడ్డీ చూసేవాళ్ళకి ఇదేం కొత్త కాదు, అక్కడా పసుపు కార్డు చూపిస్తే రెండు నిమిషాలు బయటే. కొట్టుకుంటే మాత్రం అయిదు నిమిషాలు. ఆ గాజు గదిలో చేతులు కట్టుకుని కూర్చున్న ఆరడుగుల మనిషి, బయట సీట్లో కూర్చుని పాప్‌కార్న్ తింటూ తన వైపే చూస్తున్న అమ్మాయికి మొహం చూపించలేక అటు తిరుగుతాడు చూడండి, అలాంటి చోటే ఈ రచయిత్రులు పేజీలకి పేజీలు నవ్విస్తారు.

మా అమ్మ తరం వారపత్రికల సీరియల్స్ కూడా నేను వదల్లేదు. బైండు చేయించిన కట్టలు మా అటక మీద ఉండేవి. హీరోకి పొడుగాటి కారు, ముక్కు మీద కోపం. హీరోయిన్‌కి ఆత్మాభిమానం, కళ్ళ నిండా నీళ్ళు. అవీ బాగానే ఉండేవి, కాదనను. కానీ హాస్యం ఎవరిది? వంటవాడిదో, పెళ్ళి కాని బాబాయిదో. హీరోని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు, హీరోయిన్‌కి అసలే లేదు. స్పోర్ట్స్ రొమాన్స్‌లో హీరోయే నవ్వులపాలు. ఒంటి నిండా కండలే, కానీ ఎడమ కాలి మేజోడు ముందు తొడక్కపోతే మ్యాచ్ పోతుందని నమ్మకం. గోల్‌కీపర్లయితే మరీనూ, వాళ్ళ చాదస్తాల మీదే ఒక పుస్తకం నడిచిపోతుంది. జట్టు గ్రూపు చాట్‌లో పదిహేను మంది గడ్డాలవాళ్ళు చేరి వీడి ప్రేమ వ్యవహారాన్ని పెళ్ళింట్లో అత్తల్లా చీల్చి చెండాడతారు.

ఇదంతా ఆట వల్లే కుదిరింది. వ్యాపారం చేసే హీరో నష్టాలొస్తే తలుపు వేసుకుని ఏడవచ్చు. ఆటగాడికి ఆ సౌకర్యం లేదు. ఓడిపోతే బోర్డు మీద అంకె వెలుగుతుంది, స్టేడియం అంతా చూస్తుంది, ఆ అమ్మాయీ చూస్తుంది. ఆ రాత్రి అతను ఆమెకి ఏ మొహంతో ఫోన్ చేస్తాడన్నదే కథ. మంచి రచయిత్రి అక్కడ హీరోయిన్ చేత జాలి మాటలు చెప్పించదు, జోకు వేయిస్తుంది.

నాకిది పుస్తకాలు చెప్పే దాకా తెలియని సంగతి కాదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో పోటీకి రెండు గంటల ముందు బరువు చూడటం మొదలుపెడతారు, అది గంటసేపు సాగుతుంది. నీ విభాగం కన్నా వంద గ్రాములు ఎక్కువున్నా ఆ గంట ముగిసేలోపు దిగాలి, లేకపోతే సంచీ సర్దుకోవాలి. మండుటెండలో స్వెట్టర్ మీద రెయిన్‌కోటు తొడుక్కుని గ్రౌండు చుట్టూ పరుగెత్తేవాళ్ళు కొందరు, బబుల్‌గమ్ నములుతూ సీసాలోకి ఉమ్ముతూ కూర్చునేవాళ్ళు కొందరు. మేం సాధన చేసిన రేకుల షెడ్డులో ఒకబ్బాయి ఉండేవాడు, పేరెందుకు లెండి. పోటీకి ముందు రోజు రాత్రి కాటా కొంచెం ఎక్కువ చూపించిందని తిన్నగా వెళ్ళి గుండు కొట్టించుకొచ్చాడు. జుట్టు ఎంత బరువుంటుందని! వాడికి మాలో ఒకమ్మాయంటే ఇష్టం. ఆ సంగతి ఆ పిల్లకి తప్ప షెడ్డంతటికీ తెలుసు. పొద్దున్నే ఆ పిల్ల వాణ్ణి ఎగాదిగా చూసి, "ఏటి, ఎవలికి మొక్కు?" అంది. నిజం చెప్పడానికి వాడికి సిగ్గు. "పైడితల్లమ్మకి" అన్నాడు. "నెగ్గకముందే తీర్చేసినావేటి?" అంది ఆ పిల్ల. మా కోచ్‌తో సహా అందరం పడీపడీ నవ్వాం.

వాడు ఎర్రబడ్డ మొహంతోనే వెళ్ళి మొదటి స్నాచ్, అంటే నేల మీది బరువుని ఒక్క ఊపులో తల పైకి లేపడం, వదిలేశాడు. స్నాచ్‌కి మూడే ఛాన్సులు, మూడూ పోతే మొత్తం లెక్కలోనే ఉండడు. రెండోసారి బార్ పైకి లేచింది, ఒక్క క్షణం మోచేతులు వణికాయి, నిలబడ్డాడు. సరిగ్గా ఎత్తాడని మూడు తెల్ల లైట్లూ వెలిగాయి. కిందికి దిగొచ్చి ఆ పిల్ల ముందు నిలబడి గుండు తడుముకుంటూ "ఇప్పుడు తీరింది" అన్నాడు.

నవలైతే ఇది మూడో అధ్యాయం అయ్యేది. మా షెడ్డులో మాత్రం కథ అక్కడే అయిపోయింది. వాడికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చి ఊరు దాటాడు. ఆ పిల్లకి ఇంట్లో సంబంధం చూశారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "బరువులు మానేస్తుందా?" అని. మానేసింది. అందుకే, ఇవి కాలక్షేపం పుస్తకాలని ఎవరైనా చప్పరిస్తే నేను వాదన పెట్టుకోను గానీ, మనసులో ఒప్పుకోను. ఆ మూడో అధ్యాయం తర్వాత ఇంకో ముప్ఫై అధ్యాయాలు ఉంటే ఎలా ఉండేదో చూపించే పుస్తకం నాకు కాలక్షేపం ఎలా అవుతుంది?

అలాగని అన్నీ మెచ్చుకోదగ్గవే అనడం లేదు. నాకున్న పెద్ద ఫిర్యాదు, ఆడేది ఎక్కువగా మగవాడే. అమ్మాయికి బేకరీయో, పుస్తకాల షాపో, జట్టు ప్రచారం చూసే ఉద్యోగమో ఇచ్చి ఊరుకుంటారు. ఆటగత్తె హీరోయిన్‌గా ఉన్నవి వెతుక్కోవాలి. మాకేమో పక్కనే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలకి కంచు పతకం, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆమెకి పైన ఉన్న ఇద్దరూ ఎత్తింది సమానంగా 242.5 కిలోలే. ఒంటి బరువు తక్కువుందని చైనా అమ్మాయికి బంగారం, హంగేరీ ఆమెకి వెండి ఇచ్చారు. అప్పట్లో ఒంటి మీది కొద్దిపాటి బరువుతో పతకం రంగు మారిపోయేది. అలాంటి ఆటని పెట్టుకుని రాసిన నవల నాకింతవరకూ కనపడలేదంటే ఆశ్చర్యమే.

రెండో రకం చెత్త, డబ్బుంటే చాలు హీరో అనుకునేవి. ఆట పేరుకే, జట్టంతా వాడి సొంతం, చేతికి ఖరీదైన వాచీ. ఇలాంటి హీరోని చూస్తే నాకు మా విజ్జీ గారు గుర్తొస్తారు. విజయనగరం రాజకుమారుడు, 1936లో పలుకుబడితో ఇంగ్లండ్ టూర్‌కి భారత క్రికెట్ జట్టు కెప్టెన్ అయ్యాడు. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపించేశాడు. తను మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు. ఆయన పేరున మా విజయనగరంలో స్టేడియం ఉంది, కాబట్టి ఎక్కువ మాట్లాడను. అలాంటివాడు హాస్యానికి పనికొస్తాడు, ప్రేమించడానికి పనికిరాడు.

ఏది మంచిదో ఎలా తెలుస్తుందంటే, పుస్తకం మధ్యలో ఒక అధ్యాయం తెరిచి, అందులో హాకీ తీసేసి హీరోకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇచ్చి చూడండి. కథలో ఏమీ మారకపోతే ఆట అనేది జెర్సీ మీద నంబరు వరకే అన్నమాట, వదిలేయొచ్చు. గాయం, బెంచీ మీద కూర్చోబెట్టడం, వయసు మీదపడి పరుగు తగ్గడం, ఇవి మాటల్లోకి, వెటకారాల్లోకి, అలకల్లోకి వస్తుంటే ఆ రచయిత్రికి ఆట తెలుసు. వెటకారం కూడా ఇద్దరిదీ సమానంగా ఉండాలి. ఒకరే తిడుతూ ఇంకొకరు పడుతూ ఉంటే నాకు నవ్వు రాదు.

మీ చెల్లెలి వయసు రాయలేదు, అందుకని ఇంకో మాట. ఈ మధ్య వీటి అట్టల మీద ముద్దొచ్చే కార్టూన్ బొమ్మలు వేస్తున్నారు. అవి చూసి చిన్నపిల్లల పుస్తకాలనుకోకండి, లోపల పడకగది సంగతులు దాపరికం లేకుండా రాసినవే ఎక్కువ. టెన్త్ చదివే పిల్లయితే ముందు మీరు తిరగేయండి. డిగ్రీ పిల్లయితే మాత్రం ఆమె ఫోన్ ఆమెకిచ్చేయండి, అది మీ పని కాదు.

మీరే చదవాలనుకుంటే పూర్తిగా సరదాగా ఉండేదానితో మొదలుపెట్టండి, నాలుగొందల పేజీలున్నా రెండు రాత్రుల్లో లాగించేస్తారు. ఒక్కటి మాత్రం ముందే తెలిసి ఉండాలి. అన్నీ సర్దుకున్నాయి అనుకునే సమయానికి, చివరి యాభై పేజీల ముందు, ఎవరో ఒకరు అర్థం లేకుండా అలిగి విడిపోతారు. దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది ఆ గోల. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అలక. నేనైతే ఆ అధ్యాయం దాటేసి తిన్నగా ఫైనల్ మ్యాచ్‌కి వెళ్ళిపోతాను.